సవరణ: 26 థ్రెడ్లున్న ప్రతి బోల్టూ సైకిల్ థ్రెడ్ కాదు

పాత బీఎస్ఏ, ట్రయంఫ్ బైకుల బోల్టులు గుర్తుపట్టడం గురించి రాస్తూ, అంగుళానికి 26 థ్రెడ్లుంటే అది సైకిల్ థ్రెడ్డేనని (పాత బ్రిటిష్ సైకిళ్లు, మోటార్‌సైకిళ్లలో వాడిన థ్రెడ్ కొలత) చెప్పాను. అది తప్పు. పావు అంగుళం సైజులో బీఎస్ఎఫ్‌కి (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్ అనే మరో థ్రెడ్ కొలత) కూడా 26 థ్రెడ్లే. తేడా అంతా థ్రెడ్ రెండు వాలు పక్కల మధ్య కోణంలో ఉంది: సైకిల్ థ్రెడ్‌ది 60 డిగ్రీలు, బీఎస్ఎఫ్‌ది 55. థ్రెడ్ గేజ్ (థ్రెడ్ కొలిచే పళ్లున్న రేకు) పళ్లను బోల్టుకి ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టండి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడితే ఆ కోణం కాదన్నమాట. 5/16 అంగుళంలో ఈ తంటా లేదు. బీఎస్ఎఫ్‌కి 22, సైకిల్ థ్రెడ్‌కి 26, లెక్కపెడితే చాలు.

నట్టు వేళ్లతో ఎక్కింది కదా అని మాత్రం ధైర్యపడకండి. పావు అంగుళంలో రెండింటి పిచ్ (థ్రెడ్‌కీ థ్రెడ్‌కీ మధ్య దూరం) ఒకటే కాబట్టి తప్పు నట్టు కూడా కొన్ని చుట్లు ఎక్కేయొచ్చు. నా మాట నమ్మి నట్లు, బోల్టులు వేరుచేసి పెట్టుకున్నవాళ్లు క్షమించాలి. బిగించే ముందు ఆ పావు అంగుళం డబ్బా ఒక్కసారి మళ్లీ చూడండి.