ఫాదర్‌గారి చేతిలో ఉన్నది నూనె, యమపాశం కాదు

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట గుణుపురం నుంచి మా బావ పంపాడు, తర్వాత యూత్ గ్రూపులో పడింది, ఆ తర్వాత పార్వతీపురంలో ఉండే పెద్దమ్మ కొడుకు, చివరికి ఒడిశాలోని ఇదే రాయగడలో మా వీధి చివర ఉండే మా వదిన. పైన "కథోలికులు తప్పక తెలుసుకోవాల్సిన ఏడు సంగతులు" అని, కింద "పదిమందికి పంపండి, మేలు కలుగుతుంది" అని. పదిమందికి పంపితే మేలు కలుగుతుందని ఏ జపపుస్తకంలో ఉందో ముందు అది చెప్పండి. వదినకు ఫోన్ చేసి అడిగితే "నాకేం తెలుసయ్యా, వచ్చింది పంపాను" అంది. అందుకే రాస్తున్నా, ముఖ్యంగా జబ్బుపడ్డవాళ్లకు ఫాదర్ నూనె పూసే సంస్కారం గురించి.

చిన్నవి ముందు తేల్చేస్తాను. చనిపోయినవాళ్లను దహనం చేస్తే గుడిలో, అంటే చర్చిలో, పూజ ఉండదట. 1963 నుంచే దహనానికి అనుమతి ఉంది, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేస్తే తప్ప. పూడ్చడమే మేలని తిరుసభ, అంటే మన కథోలిక సంఘం, ఇప్పటికీ అంటుంది, బూడిద నాగావళిలో కలపొద్దనీ అంటుంది, కానీ పూజ ఉండదని ఎక్కడా అనలేదు.

ఫోన్‌లో పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం, చెల్లుతుందట, కోవిడ్‌లో అలా ఇచ్చేశారట. ఇవ్వలేదు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే చెప్పింది. ఫోన్‌లో ఫాదర్‌తో మాట్లాడండి, ఏడవండి, సలహా అడగండి, పాపవిమోచనానికి మాత్రం వెళ్లి ఎదురుగా కూర్చోవాల్సిందే.

డబ్బిస్తేనే పూజ అన్నది ఇంకొకటి. తిరుసభ చట్టంలో ఉన్నది దీనికి తలకిందులు. పేదరికం వల్ల ఎవరికీ సంస్కారం తప్పిపోకూడదని, కానుక ఇవ్వలేనివాళ్ల కోసం కూడా పూజ చెయ్యమని రాసి ఉంది. పైగా ఒక గురువు రోజుకు మూడు పూజలు చేసినా ఒక్క పూజ కానుకే తన దగ్గర ఉంచుకోవాలి, క్రిస్మస్ రోజున తప్ప. ఈ చివరి ముక్క మెసేజ్‌లో ఎవరూ రాయరు మరి.

"తెలుగు రాని ఫాదర్ దగ్గర చెప్పుకుంటే చెల్లదు" అన్నది మాత్రం మనలాంటివాళ్ల కోసమే పుట్టించినట్టుంది. మా విచారణ గురువుది, అంటే మా చర్చి ఫాదర్‌ది, ఒడియా, తెలుగు సంతలో బేరమాడేంత వచ్చు. ఈ మాట పట్టుకుని ఏళ్లుగా పాపసంకీర్తనం మానేసిన ముసలమ్మలు నాకు తెలుసు. తిరుసభ చట్టం 990వ నిబంధన చూడండి, కావాలంటే దుబాసీని పెట్టుకుని కూడా చెప్పుకోవచ్చు. విన్నది ఎక్కడా చెప్పకూడదన్న కట్టుబాటు ఆ దుబాసీకీ ఉంటుంది. ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లు మన వీధికి పదిమంది ఉంటారు. (మా బావను మాత్రం పెట్టుకోకండి.)

ఇక అసలుది, జబ్బుపడ్డవాళ్లకు నూనె పూసే అవస్థ అభ్యంగనం గురించి. "అవస్థ అభ్యంగనం ఊపిరి పోయేముందు మాత్రమే ఇవ్వాలి. ముందే ఫాదర్‌ను పిలిస్తే రోగి బెంగ పెట్టుకుని త్వరగా పోతాడు. జీవితంలో ఒక్కసారే తీసుకోవాలి." మూడు వాక్యాలు, మూడూ తప్పే. రెండోది మనుషుల్ని గాయపరిచే తప్పు.

రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది, ఇది చావు అంచున ఉన్నవాళ్ల కోసమే కాదని, జబ్బు వల్లో ముసలితనం వల్లో ప్రాణానికి ప్రమాదం మొదలైతే చాలు, తగిన సమయం వచ్చేసినట్టేనని. కోలుకుని మళ్లీ పడితే మళ్లీ ఇస్తారు, అదే జబ్బు ముదిరినా మళ్లీ ఇస్తారు. పెద్ద ఆపరేషన్‌కు ముందూ ఇస్తారు. జబ్బుపడ్డవాడు సంఘ పెద్దలను పిలిపించుకోవాలని బైబిల్లో యాకోబు లేఖ 5వ అధ్యాయంలో ఉంది, ఆ పెద్దల ప్రార్థన వల్ల ప్రభువు అతణ్ణి లేపుతాడని కూడా ఉంది. లేపుతాడని రాసి ఉంటే మనం పాడె కట్టేలోపు ముహూర్తం చూసుకుంటున్నాం. ఆ డబ్బీలో ఉన్నది ఆలివ్ నూనె. అది దొరకనిచోట మొక్కల నుంచి తీసిన ఏ నూనైనా వాడొచ్చని ఆరవ పౌలు పోపుగారు 1972లో అన్నారు. నూనెకు మనిషి పోయేటట్టయితే మన వంటిళ్లలో ఎవరూ మిగలరు.

మా చిన్నాన్న సంగతి చెబుతాను. కిడ్నీలు పాడై ఎనిమిది నెలలు డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ ఎనిమిది నెలల్లో ఫాదర్‌గారు మా వీధిలోకి ఎన్నిసార్లు వచ్చారో, మేమే "ఇప్పుడొద్దు ఫాదర్, ఆయనకు టెన్షన్ అవుతుంది" అని ఎన్నిసార్లు పంపేశామో. మేము అంటే నేను కూడా. చివరికి పిలిచిన రోజుకు మాట పడిపోయి రెండు రోజులైంది. ఫాదర్‌గారు బొటనవేలు నూనెలో ముంచి నుదుటి మీద, రెండు అరచేతుల్లో సిలువ గుర్తు వేశారు. చిన్నాన్న ఆ బొటనవేలు పట్టుకుని వదల్లేదు. పెదాలు కదుపుతూనే ఉన్నాడు, ఏదో చెప్పుకోవాలని. సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, మింగలేకపోయాడు. బెంగ పెట్టుకుంటాడని ఎనిమిది నెలలు ఎవరిని కాపాడామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయనకు అంతా తెలుసు. వారానికి రెండుసార్లు సూది పొడిపించుకున్నవాడికి తెలియదా?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ భయం వాట్సాప్‌లో పుట్టింది కాదు. శతాబ్దాల తరబడి తిరుసభే దీన్ని చివరి అభ్యంగనం అని పిలిచింది, చివర్లోనే ఇచ్చింది. మన తెలుగులో పెట్టుకున్న పేరే "అవస్థ". ఆ పేరు పెట్టి, భయపడకండి అంటే ఎలా? ఇప్పుడు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అని పేరు మార్చినా మా ఇళ్లలో ఎవరి నోటా అది రాదు, నా నోటా రాదు, పైన చూడండి.

ఏడో పాయింటు, "పిలిచినా ఫాదర్లు రారు". ఇందులో సగం నిజముంది, దాచను. 2016లో బరంపురం నుంచి విడదీసి రాయగడను వేరే మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) చేసినా కొండ ఊళ్లు కొండ ఊళ్లే. వానాకాలం ఒక ఊరికి వెళ్లారంటే ఆ పూట ఫోన్ కలవదు. రెండుసార్లు ఫోన్ చేసి ఎత్తలేదని కోపం తెచ్చుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఈ ఏడో పాయింటు చదివి మళ్లీ పైకి వెళ్లి "ఊపిరి పోయేముందే పిలవాలి" అన్నది చదవండి. ఫాదర్ రావడానికి పూట పడుతుందని నువ్వే అంటావు, ఆఖరి గంటలో పిలవమనీ నువ్వే అంటావు. ప్రాణం మీదికొచ్చిన పసిబిడ్డకు జ్ఞానస్నానం అవసరమైతే నర్సు కూడా ఇవ్వొచ్చు. అభ్యంగనం అలా కాదు, గురువే రావాలి. ఇది రాసినవాడు ఎవరో గాని రెండు పాయింట్లు పక్కపక్కన పెట్టి చదువుకోలేదు.

నిన్న రాత్రి ఇదంతా వదినకు చెప్పాను. వాళ్లమ్మకు వచ్చే బుధవారం విశాఖలో గుండె ఆపరేషన్. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆదివారం పూజ అయ్యాక రమ్మందామా? అమ్మ భయపడుతుందేమో" అంది. అమ్మనే అడుగు అన్నాను. అడిగిందట. ముసలావిడ "ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నానే, మీరు భయపడతారని ఊరుకున్నాను" అందట.