తప్పు ఇంజినీర్లది కాదు, ముహూర్తానిది

విండోస్ 11 అప్‌డేట్లను తిట్టేవాళ్లు ఈమధ్య మరీ ఎక్కువైపోయారు. అప్‌డేట్ వేస్తే ఒకటి పాడవుతోందట, దాన్ని బాగుచేసే అప్‌డేట్ వేస్తే ఇంకొకటి పాడవుతోందట. పాపం, ఇంజినీర్లను ఊరికే ఆడిపోసుకుంటున్నారు. ఈ వ్యవహారాన్ని పంచాంగం ముందు పెట్టుకుని నిష్పక్షపాతంగా పరిశీలించాను. దోషం కోడ్‌లో లేదు, వారంలో ఉంది.

మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి అప్‌డేట్లకు ప్రతి నెలా రెండో మంగళవారమే ముహూర్తంగా పెట్టుకుంది. మన ఇళ్లలో మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు. సెలూన్లకు ఆ రోజు సెలవు. గోళ్లు కత్తిరించుకుంటేనే పెద్దవాళ్లు కేకలేసే రోజున కోట్ల కంప్యూటర్లకు ఒకేసారి క్షవరం చేస్తే ఊరుకుంటుందా? అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉన్న చోట ఉదయం పదింటికి వదిలితే మనకు రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో అయితే పదకొండున్నర. అంటే అరిష్టం అమెరికాది, బుధవారం పొద్దున్నే దాన్ని అనుభవించేది మనం.

మంగళవారమే ఎందుకంటే దానికీ ఓ లెక్కుంది. సోమవారం ఆఫీసులు కుదుటపడాలి, మంగళవారం అప్‌డేట్ రావాలి, అది చేసిన నిర్వాకం సర్దుకోవడానికి శుక్రవారం దాకా టైముండాలి. దెబ్బ తగలకముందే కట్టు కట్టడానికి మూడు రోజులు కేటాయించిన దూరదృష్టిని ఎవరూ మెచ్చుకోరు!

నా సిద్ధాంతం మీద అనుమానం ఉన్నవాళ్లు క్యాలెండర్ తిరగేయవచ్చు. జనం తిట్టిపోసిన విండోస్ విస్టా బయటికి వచ్చింది 2007 జనవరి 30న. మంగళవారం. ఇక చెప్పేదేముంది. 2018 అక్టోబరు 2, మంగళవారం: విండోస్ 10 కొత్త వెర్షన్ వేసుకున్న కొందరికి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. వారం తిరక్కుండా దాన్ని ఆపేసి, మళ్లీ వదిలింది నవంబరు 13న. అదీ మంగళవారమే, కొందరు చెప్పినా వినరు. ఫైళ్లు పోతున్నాయని కొందరు ఇన్‌సైడర్లు, అంటే విడుదలకు ముందే వేసుకుని పరీక్షించే ఔత్సాహికులు, ముందే మొత్తుకున్నారు కూడా. 2014లో మొదలుపెట్టిన ఆ ఇన్‌సైడర్ పథకం గొప్పతనమే అది: జీతం అడగకుండా పరీక్షించేవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు, వాళ్లు రాసింది చదివేవాళ్లే దొరకరు.

విండోస్ 11 పుట్టింది 2021 అక్టోబరు 5న. వారం అడగొద్దు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లు కొన్ని పనుల్లో నెమ్మదించాయి. తర్వాతి మంగళవారం తొలి అప్‌డేట్ వచ్చి వాటిని ఇంకాస్త నెమ్మదింపజేసింది. సవరణ 21న వచ్చింది. గురువారం కాబట్టి పనిచేసింది.

మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల ఆ కంపెనీకి సీఈవో అయింది 2014 ఫిబ్రవరి 4న. అదీ మంగళవారమే. "ఒక్కరోజు ఆగి బుధవారం చేరు నాయనా" అని చెప్పే పెద్దదిక్కు ఆ బోర్డులో లేకపోయింది. హైదరాబాద్‌లో 1998 నుంచి డెవలప్‌మెంట్ సెంటర్ నడుపుతున్నారు కదా, ఆ వేలమందిలో ఒక్క సిద్ధాంతిగారికి ఉద్యోగం ఇస్తే ఏం పోయింది?

ఇక 2025 అక్టోబరు 14. మంగళవారం, పొద్దున అష్టమి, అది పోగానే నవమి. సరిగ్గా ఆ రోజే విండోస్ 10కి సపోర్ట్ ఆపేశారు. అందరూ విండోస్ 11లోకి మారిపోండన్నారు. మీ ప్రాసెసర్ పాతది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు అంటూ గుమ్మంలోనే ఆపేసిన వాళ్ల సంగతి వదిలేద్దాం. మారడానికి ఇచ్చిన మీడియా క్రియేషన్ టూల్ కొత్త వెర్షన్ సరిగ్గా అప్పుడే విండోస్ 10 మీద మొరాయించింది. ఎలాగోలా అవతలికి చేరినవాళ్లకు అదే రోజు విండోస్ 11 అప్‌డేట్ స్వాగతం పలికింది. దాంతో రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి.

ఆ తెర ఎప్పుడు వస్తుందో తెలుసుగా. కంప్యూటర్ ఆన్ కానని మొండికేసినప్పుడు. కంటిన్యూ, ట్రబుల్‌షూట్, టర్న్ ఆఫ్ అని పెట్టెలు కనబడతాయి. మౌస్ ఎంత తిప్పినా బాణం కదలదు, ఎంటర్ ఎంత గట్టిగా నొక్కినా చలనం లేదు. చివరికి ఆపేద్దామన్నా ఆ టర్న్ ఆఫ్ మీద నొక్కే దారి లేదు. విండోస్ మామూలుగా నడుస్తున్నంతసేపూ మాత్రం కీబోర్డూ మౌసూ భేషుగ్గా పనిచేశాయి. అంటే రిపేరు అవసరం లేనంతకాలం రిపేరుకు ఏ ఢోకా లేదన్నమాట. గుండ్రటి పిన్ను ఉండే పాతకాలపు పీఎస్/2 కీబోర్డు వాళ్లు మాత్రం గట్టెక్కారు. అటక మీద చెత్తంతా ఎందుకు దాస్తావని ఇంట్లో తిట్లు తిన్న మగమహారాజులకు అది సువర్ణావకాశం.

సవరణ అక్టోబరు 20న వచ్చింది. అమావాస్యే అయినా దీపావళి అమావాస్య, పైగా సోమవారం. ఫలించింది.

ఇంకో ఘనకార్యం. 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' నొక్కి పడుకుంటే, కొన్ని కంప్యూటర్లు అప్‌డేట్ వేసుకుని మళ్లీ ఆన్ అయి, తెల్లవార్లూ జాగారం చేసేవి. ఏళ్ల తరబడి సాగిన ఈ తంతును 2025 చివర్లో సరిచేశారు. ఆగమంటే ఆగడం కూడా ఒక అప్‌డేటే అయింది.

ఈ గొడవంతా మాకొద్దు, పాత విండోస్ 10లోనే పడి ఉంటాం అన్నవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది ఇస్తామన్నారు, 2026 అక్టోబరు 13 మంగళవారం దాకా. దానికి పేరు నమోదు చేసుకోవాలి. తీరా చూస్తే కొందరికి ఆ నమోదు దగ్గరే ఆగిపోయింది. అప్‌డేట్ల కోసం పేరు ఇవ్వలేకపోతున్నవాళ్లు పేరు ఇచ్చుకోవడానికి వీలుగా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ పంపింది. 2025 నవంబరు 11న. వారం మీరే చూసుకోండి.