వైరస్ లిస్టు కొత్తదే, ఇంజిన్ సంగతి?
నల్లగొండ, మిర్యాలగూడ జిరాక్స్ సెంటర్లలో హాల్‌టికెట్ ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ మీద క్లిక్ చేస్తే, దాన్ని మనకంటే ముందు చదివేది యాంటీవైరస్. జిప్ అయితే విప్పుతుంది. జావాస్క్రిప్ట్ (వెబ్‌పేజీల్లో నడిచే కోడ్) ఉంటే తన లోపలే నడిపి చూస్తుంది. ఇదంతా చాలావరకు అడ్మిన్‌ను మించిన సిస్టమ్ హక్కులతోనే. ఈ పనులు చేసే కోడే ఇంజిన్. అందులోనే తప్పుంటే, వైరస్‌ను పట్టాల్సిన చోటే దానికి మెషీన్ మొత్తం అప్పజెప్పినట్టు.

2017 మేలో బయటపడింది అలాంటి తప్పే. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ ఇంజిన్‌లో జావాస్క్రిప్ట్‌ను పరీక్షించే భాగం, ఎర్రర్ మెసేజ్ అంటే అక్షరాలే ఉంటాయనుకుంది, సరిచూడలేదు. అక్కడ వేరే రకం డేటా పెడితే దాడిచేసేవాడి కోడ్ నడిచే వీలుంది. మెయిల్ తెరవక్కర్లేదు, ఫైల్ డిస్క్ మీద పడితే చాలు. సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ టీమ్ ప్రాజెక్ట్ జీరోలోని టావిస్ ఆర్మండీ, నటాలీ సిల్వనోవిచ్ చెప్పిన కొద్దిరోజుల్లోనే మైక్రోసాఫ్ట్ 1.1.13704.0 ఇంజిన్‌తో సరిచేసింది. అంతకు ఏడాది ముందు యాంటీవైరస్ కంపెనీ సైమాంటెక్‌ది ఇంకా ఘోరం: ప్యాక్ చేసిన ఫైళ్లను విప్పే పని ఏకంగా విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే పెట్టింది! 2018లో డిఫెండర్‌కు శాండ్‌బాక్స్‌లో, అంటే మిగతా సిస్టమ్‌కు దూరంగా హక్కులు తగ్గించిన గదిలో, నడిచే సౌకర్యం వచ్చింది. నన్నడిగితే, యాంటీవైరస్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది శాండ్‌బాక్స్‌లో నడుస్తుందా?' అనే. అయినా లోపాలు ఆగలేదు. 2021 జనవరిలో సరిచేసిన ఇంకో డిఫెండర్ లోపాన్ని దొంగలు అప్పటికే వాడేస్తున్నారు.

మన దగ్గర గొడవ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) రాక కాదు, అది మెషీన్‌కు చేరక. క్రాక్ చేసిన యాంటీవైరస్ లైసెన్స్ అడగకుండా కంపెనీ సర్వర్‌కు దారి మూసేస్తారు. ఇంజిన్ పాతదే ఉండిపోతుంది. పైగా అది 'నేనున్నా' అని విండోస్‌కు చెబుతుంది కాబట్టి డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. నెట్ సెంటర్లలో ఇంకో తంటా. రీస్టార్ట్ చేస్తే పాత స్థితికి తెచ్చే ఫ్రీజ్ సాఫ్ట్‌వేర్, పొద్దంతా వచ్చిన అప్‌డేట్‌నూ తుడిచేస్తుంది. వారానికోసారి ఫ్రీజ్ తీసి, అప్‌డేట్ చేసి, మళ్లీ వేయాలి.

డిఫెండర్ అయితే విండోస్ సెక్యూరిటీలో సెట్టింగ్స్, అందులో అబౌట్ చూడండి. ఇంజిన్ వెర్షన్, యాంటీవైరస్ వెర్షన్ వేర్వేరుగా కనిపిస్తాయి. రెండోది వైరస్ లిస్టు, రోజూ మారుతుంది. మొదటిది సాధారణంగా నెలకోసారి మారుతుంది. రెండు నెలలైనా అదే నంబరుంటే అప్‌డేట్ ఎక్కడో ఆగినట్టే. నెట్ లేని మిల్లు కంప్యూటర్‌కైతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆఫ్‌లైన్ అప్‌డేట్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేయొచ్చు. అందులో లిస్టుతోపాటు ఇంజిన్ కూడా ఉంటుంది. 32 బిట్‌కు, 64 బిట్‌కు ఫైళ్లు వేరు.