దూరానికి పంపిన శిక్ష, చేతులు దులుపుకున్న రాజ్యం

బ్రిటన్ 1788లో సిడ్నీ తీరాన ఖైదీల వలసను ఎందుకు నెలకొల్పింది? జైళ్లు నిండిపోయాయి కాబట్టి అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది సగం నిజం. 1718 నాటి చట్టంతో మొదలుపెట్టి సుమారు 50 వేల మంది ఖైదీలను బ్రిటన్ అమెరికా వలసలకు తరలించింది. అమెరికన్లు తిరగబడటంతో ఆ దారి మూసుకుపోయింది. 1776 నుంచి థేమ్స్ నదిలో పాత ఓడలనే జైళ్లుగా మార్చి ఖైదీలను కుక్కారు. వారిలో అత్యధికులు దొంగతనం కేసుల్లో పట్టుబడిన పేదలు. ఆ తర్వాతి పదేళ్లూ పాలకులు వారిని దించడానికి మరో తీరం కోసమే వెతికారు. వారు ఎందుకు దొంగిలిస్తున్నారన్న ప్రశ్న జోలికి పోలేదు.

సిడ్నీకి దగ్గరలోని బోటనీ బే అనే తీరం పేరును 1779లో పార్లమెంటు కమిటీకి సూచించింది వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్. 1770లో కెప్టెన్ కుక్‌తో వెళ్లి అక్కడ వారం రోజులు గడపడమే ఆయనకున్న అనుభవం. 1786 ఆగస్టులో హోం మంత్రి లార్డ్ సిడ్నీ ఖైదీలను అక్కడికే పంపే నిర్ణయం ప్రకటించాడు. పసిఫిక్‌లో స్థావరం, ఓడలకు కలప, నార కూడా ఆ లెక్కలో ఉన్నాయని కొందరు చరిత్రకారుల వాదన. ఉండవచ్చు. ఖైదీల బతుకు మాత్రం ఆ లెక్కలో చివరన ఉందని తర్వాతి కథ చెబుతుంది.

1787 మేలో 11 ఓడల తొలి దళంతో బయలుదేరిన నౌకాదళ అధికారి ఆర్థర్ ఫిలిప్ దారిలో తాజా ఆహారం కోసం పట్టుబట్టాడు. ఎనిమిది నెలలకు పైగా సాగిన ప్రయాణంలో మరణాలు తక్కువే. 1790లో వచ్చిన రెండో ఓడల దళాన్ని బానిస వ్యాపారంలో ఆరితేరిన ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఓడ ఎక్కించిన ప్రతి ఖైదీకీ సుమారు 17 పౌండ్లు. గమ్యంలో ఎంతమంది ప్రాణాలతో దిగారన్నదానితో ఆ చెల్లింపుకు సంబంధం లేదు. ఖైదీకి పెట్టే తిండి తగ్గిన కొద్దీ కంపెనీకి మిగులు పెరుగుతుంది. సుమారు వెయ్యి మందిలో దాదాపు పావు వంతు దారిలోనే చనిపోయారు. నెప్ట్యూన్ అనే ఒక్క ఓడలోనే 150 మందికి పైగా. కొందరు ఖైదీలు పక్కవాడు చనిపోయినా అతని వంతు తిండి కోసం ఆ మాట బయటపెట్టలేదు. ఆ ఓడ కెప్టెన్‌పై హత్యాభియోగం మోపారు, 1792లో అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ ఘోరం లండన్‌కు తెలిసేలోపే మూడో దళం ఒప్పందం కూడా అదే కంపెనీకి దక్కింది. ప్రాణాలతో దించిన ఖైదీకి అదనపు సొమ్ము ఇవ్వాలన్న ఆలోచన ఆ తర్వాత గానీ రాలేదు. ఇందులో నాకు కనిపించేది ఒక కెప్టెన్ క్రూరత్వం ఒక్కటే కాదు. ఒప్పందం రాసిన చేతులు లండన్‌లో ఉన్నాయి. వాటిని ఎవరూ బోనులో నిలబెట్టలేదు.

అక్కడి నేల సంగతి ఇంకా దారుణం. స్థానికుల సమ్మతితోనే భూమిని స్వాధీనం చేసుకోవాలని కుక్‌కు ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. ఆ సమ్మతి ఎవరూ అడగలేదు. 1789లో మశూచి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో సగం మందిని బలితీసుకుందని అంచనా. తమ దేశంలో సెంటు భూమి లేని ఖైదీలే శిక్ష ముగిశాక గాడిగల్ వంటి తెగల నేలలో హక్కుదారులయ్యారు. ఆదివాసులకు తమ నేలపై ముందునుంచీ హక్కు ఉందని ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకున్నది 1992లో, మాబో తీర్పులో.

ఇదంతా పాతకథ అనుకోవడానికి వీల్లేదు. శరణు కోరి పడవల్లో వచ్చినవారిని అదే ఆస్ట్రేలియా 2001 నుంచి నౌరూ దీవికి పంపింది, మధ్యలో ఆపి 2012లో మళ్లీ మొదలుపెట్టింది. అక్కడి శిబిరాల నిర్వహణ ప్రైవేటు కంపెనీలకు ఇచ్చింది. బ్రిటన్ తన వంతుగా 2022లో రువాండాకు డబ్బు చెల్లించి శరణార్థులను అక్కడికి పంపేందుకు ఒప్పందం చేసుకుంది. అది చట్టవిరుద్ధమని 2023 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఇలాంటి ఒప్పందం మళ్లీ ఏ దేశంలో తెరపైకి వచ్చినా, అక్కడి చట్టసభ ముందుగా అడగాల్సినవి రెండు: డబ్బు దేనికి చెల్లిస్తున్నారు, పంపినవారు చనిపోతే బోనులో నిలబడేది ఎవరు?