చెల్లెలి సంతకం కోసం హైదరాబాద్ వస్తున్నారా?

ఏటా అక్టోబరు 11న అంతర్జాతీయ బాలికా దినోత్సవం వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని జరుపుతోంది. ఊరికి దూరంగా ఉన్న మన తెలుగు సంఘాలు కూడా ఆడపిల్లల చదువు కోసం విరాళాలు పోగుచేసి స్కాలర్‌షిప్పులు పంపుతున్నాయి. చాలా మంచి పని. దారి దొరికితే మన పిల్లలు ఎంత దూరం వెళ్తారో చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే, 2014 మేలో, ఎవరెస్ట్ ఎక్కింది. హైదరాబాద్ అమ్మాయి పి.వి. సింధు 2019లో బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. నాకు దిగులు కలిగించేది వేరే ఉంది. ఊరి ఆడపిల్లలకు ఫీజు కట్టే మనమే, సొంత అక్కచెల్లెళ్ల ఆస్తి వాటా దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతున్నాం.

నిజానికి ఈ విషయంలో దేశానికి దారి చూపింది తెలుగువాళ్లే. 1956 హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే ఉన్న హక్కును అలాగే ఉంచి, కూతురిని పక్కన పెట్టింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో ఆ చట్టాన్ని సవరించి కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది, పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా అప్పుడే పోయింది. తండ్రి 2005 సవరణ నాటికే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. ముస్లిం కుటుంబాలకు చట్టం వేరు. అందులోనూ కూతురికి వాటా ఉంది, అక్కడా చాలాసార్లు అది చేతికి అందదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నాక ఏం జరుగుతోంది? డిసెంబరు సెలవుల్లో అన్నయ్య హైదరాబాద్ వస్తాడు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర రిలీజ్ డీడ్, అంటే చెల్లెలు తన వాటా వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం, ముందే తయారై ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ అయి ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లెల్ని కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, పేజీ పేజీకీ సంతకం పెట్టిస్తారు. కాగితంలో ఏముందో ఆమెకు ఎవరూ చదివి వినిపించరు. మధ్యాహ్నం ఇంట్లో భోజనం, ఒక పట్టుచీర. నార్సింగి దగ్గరి ప్లాటో, ఎల్బీనగర్ ఇల్లో ఆ పూటతో ఆమెది కాకుండా పోతుంది.

తనే ఇష్టపడి రాసిచ్చింది కదా అంటారు. ఆ ఇష్టం వెనక భయం ఉంటుంది. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరేమో, ఐదేళ్లకోసారి ఒడిబియ్యం పోసే చెయ్యి ఉండదేమో అన్న బెంగ ఉంటుంది. అన్నదమ్ముల ప్రేమను తూకం వేసి చెల్లెలికి బేరం పెట్టడం న్యాయం కాదు.

కట్నం ఇచ్చాం కదా అనేవాళ్లూ ఉన్నారు. కట్నం 1961 నుంచి నేరం. ఇచ్చినా అది అత్తింటి చేతికే వెళ్తుంది, ఆమె పేరున ఉండదు. పైగా పాతికేళ్ల కిందట ఇచ్చిన డబ్బునీ, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఈరోజు పలికే గజం ధరనీ ఒక గాటన కట్టి లెక్క సరిపోయిందనడం ఎలా కుదురుతుంది?

ఆస్తి ఒక్కటే సమానత్వమా అని అడగవచ్చు. కాదు. కానీ తన పేరున ఇల్లున్న ఆడమనిషి మాటకు ఇంట్లో ఉండే బరువు వేరు. పరిశోధకులు బీనా అగర్వాల్, ప్రదీప్ పండా కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లూ భూమీ రెండూ లేని పెళ్లయిన స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు. రెండూ ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 7 శాతం. వ్యాపారానికి బ్యాంకు అప్పు కావాలన్నా, నచ్చని సంబంధాన్ని కాదనాలన్నా, ఎన్నికల్లో నిలబడాలన్నా కాళ్ల కింద నేల కావాలి. 2030 నాటికి సాధించాలని ప్రపంచ దేశాలు ఒప్పుకున్న లక్ష్యాల్లో స్త్రీల భూమి హక్కు, వారసత్వ హక్కు ఉన్నది ఇందుకే.

మన ఇళ్లల్లోని పదిహేనేళ్ల అమ్మాయిలు ఇదంతా చూస్తున్నారు. మేనత్త సంతకం పెట్టి వెళ్లిపోవడం, దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం వాళ్ల కళ్ల ముందే జరుగుతోంది. వేదిక మీద నువ్వు నాయకురాలివి కావాలమ్మా అని మనం చెప్పే మాటను వాళ్లు ఎందుకు నమ్మాలి?

మన సంఘం ఇచ్చే ప్రతి స్కాలర్‌షిప్పుతో పాటు ఆ అమ్మాయికి ఒక పూట ఆస్తి కాగితాలు చదవడం నేర్పించాలి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అంటే ఏమిటి, ఆస్తి చేతులు మారిన పాత పత్రాలను, అంటే లింక్ డాక్యుమెంట్లను ఎలా చూడాలి, రిలీజ్ డీడ్ మీద సంతకం పెడితే ఏం పోతుంది అన్నవి చెప్పడానికి హైదరాబాద్‌లో వకీళ్లకు కొదవ లేదు. సంఘం తరఫున ఫీజు కడదాం. తల్లిదండ్రులు బతికి ఉన్నవాళ్లు వీలునామాలో కూతురి పేరు ఉందో లేదో ఇప్పుడే అడగండి. స్వార్జితం, అంటే వాళ్లు సొంతంగా సంపాదించిన ఆస్తి, ఎవరికైనా రాసుకోవచ్చు కాబట్టి కూతురు అక్కడా తప్పిపోవచ్చు. ఈ డిసెంబరుకు స్లాట్ బుక్ చేసుకున్న అన్నలు, తమ్ముళ్లు దాన్ని రద్దు చేయనక్కర్లేదు. అదే రోజు, అదే ఆఫీసులో, రిలీజ్ డీడ్‌కు బదులు అక్కచెల్లెళ్లకు సమాన వాటాతో పార్టిషన్ డీడ్ (పంపకాల పత్రం) రిజిస్టర్ చేయించండి.