మాన్‌స్టెరాకి బెరడు వలవడమేంటండీ?

నాలుగు రోజులుగా మా విజయవాడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఇంట్లో పాకే మొక్క ఏదైనా సరే, కాండం మీద ఎక్కడో ఒకచోట అంగుళం మేర బెరడు ఉంగరంలా వలిచి, తేనె రాసి, తడి కొబ్బరి పొట్టు కట్టి కవరు చుట్టేస్తే ఏడు రోజుల్లో వేర్లట. నిన్న పక్క ఫ్లాట్ ఆంటీ చాకు పట్టుకుని బాల్కనీలో మాన్‌స్టెరా ముందు కూర్చున్నారు. అప్పటికే చిన్న గాటు పడింది. పరిగెత్తి ఆపాను.

బెరడు సంగతి ముందు చెప్తా, ఎక్కువ నష్టం అక్కడే. జామకీ, దానిమ్మకీ గాలి అంటు (కొమ్మ చెట్టు మీద ఉండగానే వేర్లు పుట్టించడం) కట్టేటప్పుడు బెరడు వలిచే మాట నిజమే. ఆ చెట్లలో ఆకులు తయారుచేసిన ఆహారం బెరడులోంచి కిందికి దిగుతుంది, ఆ దారి మూసేస్తే గాటు పైన పేరుకుని అక్కడ వేర్లు పుడతాయి, నీళ్లేమో లోపలి కర్రలోంచి పైకి వెళ్తూనే ఉంటాయి కాబట్టి కొమ్మ ఎండదు. మాన్‌స్టెరా అలా కాదు, అది ఏకదళబీజం, అంటే గింజలో ఒకే బద్ద ఉండే రకం, మన చెరకు, మొక్కజొన్న, కొబ్బరి లాగా. చెరకు గడ అడ్డంగా నరికితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి చూడండి, అవే నాళాలు, కాండమంతా చెదిరి ఉంటాయి. ఇక వలవడానికి జామకున్నట్టు విడిగా బెరడేదీ? వలిస్తే ఊడేది మెత్తటి కండ, మిగిలేది పుండు. దానికి తడి పొట్టు కట్టి మన ఊరి ఉక్కపోతలో వదిలేస్తే కుళ్లడానికి ఇంకేం కావాలి.

ఎక్కడ కట్టినా పర్లేదన్నదీ తప్పే. వేరు వచ్చేది కణుపు దగ్గర. ఆకు కాడ కాండానికి అతుక్కునే చోట గోధుమ రంగు బొడిపెలా ఉంటుంది, లేదా అప్పటికే గాలి వేరు వేలాడుతూ ఉంటుంది. దాని చుట్టూ కట్టండి, గాటు అక్కర్లేదు. కణుపుల మధ్య నున్నటి చోట కట్టి ఎదురు చూస్తే చూస్తూనే ఉంటారు.

తేనె వేర్లు పుట్టించే హార్మోన్ కాదు. చీమలొస్తాయి, అంతే.

ఏడు రోజులంటారా, మాన్‌స్టెరాకి మూడు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నాది ఐదు వారాలు పట్టింది, అదీ రెండో ప్రయత్నంలో. మొదటిసారి మే నెలలో కట్టి, ఎండిపోతోందని రోజూ నీళ్లు పోసి పోసి కంపు కొట్టించాను. పొట్టు పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంత తడి చాలు. వేర్లు రెండు మూడు అంగుళాలయ్యాక కింద కోసి కుండీలో పెట్టుకోవచ్చు.

అన్నట్టు, మనీ ప్లాంట్‌కి ఈ తతంగమంతా దేనికండీ? కణుపుతో కలిపి ముక్క కోసి సీసా నీళ్లలో పడేస్తే అదే వేరేస్తుంది.

నేనిదంతా చెప్తుంటే ఆంటీ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అన్నారు. మాన్‌స్టెరాది కూడా కంద కుటుంబమే, రసం తగిలితే దురద పెడుతుంది, చేతికి గ్లోవ్స్ వేసుకోండి అన్నాను. వినలేదు. సాయంత్రం చూస్తే గుమ్మం దగ్గర చేతికి చింతపండు రుద్దుకుంటున్నారు.