మా మేనకోడలిదండి

శనివారం జరిగింది. ఇవాళ మంగళవారం. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. చల్లారాక రాస్తే నేనేదో సరదాపడి చేసినట్టు ఉంటుంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

ముందు మా క్లబ్బు గురించి రెండు ముక్కలు. గోదారికి ఈ గట్టున నరసాపురం, ఆ గట్టున సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, అన్నీ కలిపి డిటెక్టివ్ కథలు రాసేవాళ్ళం ఏడుగురం తేలాం. అద్దె పుస్తకాల షాపులో పాకెట్ సైజు నవలలు తెచ్చుకుని, సోషల్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన తరం మాది. నెలకోసారి కలుస్తాం. క్లబ్బుకి ఇంకా పేరు లేదు. పేరులో 'అపరాధ పరిశోధన' ఉండాలని ముగ్గురు, 'క్రైమ్' ఉండాలని ముగ్గురు. ఏడో మనిషి సెక్రటరీగారు. ఆయన "రెండు వాదనల్లోనూ బలం ఉందండీ" అంటూ నాలుగు మీటింగులుగా టీ తాగుతున్నారు.

మేం రాసేవన్నీ గోదారి ఒడ్డు హత్యలే. శవం దొరికితే రొయ్యల చెరువులోనే దొరుకుతుంది, నీళ్ళు చిలికే ఏరియేటరు రెక్కలకి పంచె చుట్టుకుని. హంతకుడికి ఎలిబీ కావాలంటే, మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు ఉండనే ఉంది. ఆఖరి పంటు వెళ్ళిపోయింది. హత్య ఆ గట్టున జరిగింది. అనుమానితుడు ఈ గట్టున నిద్రపోతున్నాడు. మరి ఎలా దాటాడు? డిటెక్టివు నూటయాభై పేజీలు బుర్ర గోక్కుంటాడు. చించినాడ వంతెన మీదుగా బండేసుకుని వెళ్ళుంటాడని మా వీధిలో అయిదో క్లాసు పిల్లాడు కూడా చెప్పగలడు. మేం మాత్రం ఒకరి కథ ఒకరు వింటున్నప్పుడు ఆ మాట ఎత్తం. అది మర్యాద.

పోయిన నెల సెక్రటరీగారు లండన్ డిటెక్షన్ క్లబ్ గురించి ఎక్కడో చదివారు. 1930లో పెట్టిన క్లబ్బు. మొదటి అధ్యక్షుడు చెస్టర్టన్. అగాథా క్రిస్టీ కూడా అందులో సభ్యురాలే. కొత్తగా చేరేవాళ్ళు పుర్రె మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలి. ఆ పుర్రెకి ఎరిక్ అని పేరు. వాళ్ళు పుర్రెకి కూడా పేరు పెట్టుకున్నారు, మేం క్లబ్బుకే పెట్టుకోలేకపోయాం, అది వేరే సంగతి. ప్రమాణం ఏమిటంటే, డిటెక్టివు తన బుర్రతోనే కేసు తేల్చాలి. దేవుడు చెప్పాడనీ, ఆడవాళ్ళ మనసుకి అలా తోచిందనీ, అనుకోకుండా కలిసొచ్చిందనీ రాయకూడదు. ముఖ్యమైన ఆధారం పాఠకుడి దగ్గర దాచకూడదు.

ఆడవాళ్ళ మనసు దగ్గరికి వచ్చేసరికి ఆరుగురూ నా వైపు చూశారు. క్లబ్బులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. సెక్రటరీగారి కిందటి కథలో హతుడు నెత్తిన కొబ్బరికాయ పడి పోయాడు. పదహారు పేజీలు హంతకుణ్ణి వెతికి చివరికి చెట్టుని పట్టుకున్నారు. దాని గురించి ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

"మనమూ పుర్రె మీదే ప్రమాణం చేద్దాం" అన్నారాయన. మా అన్నయ్య కూతురు మెడిసిన్ చదివిందని ఎవరో గుర్తు చేశారు. "మీరు తెస్తే ఎవరికీ అనుమానం రాదు మేడమ్, టీచరుగారు కదా" అన్నారు. నేను పొంగిపోయాను. ఇందులో నా తప్పు ఇంతవరకే.

ఆధారం దాచకూడదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను: అది ప్లాస్టిక్ పుర్రె. మా మేనకోడలు చదువుకునేటప్పుడు కొన్నది. పైన మూతలాంటి చిప్ప ఊడి వస్తుంది, దానికి చిన్న కొక్కేలు. కింద దవడకి అటూ ఇటూ రెండు స్ప్రింగులు. ముట్టుకుంటే నోరు తెరిచి మూస్తుంది. మా అటక మీద పాత పుస్తకాలతో పడి ఉంటే దించి, తడిగుడ్డతో తుడిచి, చీరల షాపువాళ్ళు ఇచ్చిన సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సంచి మీద లక్ష్మీదేవి బొమ్మ, కింద బంగారు రంగులో 'శుభమస్తు'.

నాలుగింటి పంటు. శనివారం కావడంతో బళ్ళూ ఆటోలూ మనుషులూ కిక్కిరిసి ఉన్నాయి. ఇక్కడికి వంతెన వస్తుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది వచ్చేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. వెనకాల ఒకాయన బండికి స్టాండు సరిగ్గా వెయ్యలేదు. పంటు కదిలేసరికి ఆ బండి వచ్చి నా మోచేతికి తగిలింది. సంచి కింద పడింది.

పుర్రె ముందు నెమ్మదిగానే బయటికి వచ్చింది. ఎక్కడికి వెళ్ళాలో ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత దొర్లింది. చిప్ప ఊడి ఆటో కిందికి జారుకుంది. మిగతాది ఒక చెప్పుల జత దాటి, ఒక గ్యాస్ సిలిండరు దాటి, ఎండు నెత్తళ్ళ తట్ట దగ్గర ఆగి, పైకి చూస్తూ రెండుసార్లు నోరు తెరిచి మూసింది. టక్, టక్.

తట్ట తాలూకు మామ్మ కిందికి చూసింది. తర్వాత నా వైపు చూసింది. అరవలేదు. దారిలో పర్సు దొరికితే అడిగినంత మామూలుగా అడిగింది.

"ఎవరిదమ్మా ఇది?"

ఇక్కడ కాస్త ఆగాలి. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా కిన్ కున్ యొక్క లోన్ లోపలన్ అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. షష్ఠీ విభక్తిలో ఎంత ప్రమాదం ఉందో ఆ క్షణం దాకా నాకు తెలియలేదు. రాముని యొక్క బాణం అన్నా యొక్కే, రాముని యొక్క శిరస్సు అన్నా యొక్కే. కొనుక్కున్న వస్తువుకీ, ఒంటి మీద మొలిచిన అవయవానికీ మన పూర్వీకులు ఒకటే విభక్తి పెట్టి చేతులు దులుపుకున్నారు. రెండిటికీ తేడా చూపించే ప్రత్యయం ఒక్కటి, చిన్నది, ఒక్క అక్షరమైనా సరే, పెట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? చిన్నయసూరిగారికి పంటు ప్రయాణం తప్పదని తెలిసి ఉంటే తప్పకుండా ఒక సూత్రం రాసేవారు. రాయలేదు. అడిగిన ప్రశ్నకి పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలని నేనే పిల్లల్ని మొట్టికాయలు వేస్తాను. ఆ సమయానికి నాకు పూర్తి వాక్యం రాలేదు.

"మా మేనకోడలిదండి" అన్నాను.

ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఒకావిడ పిల్లాడి కళ్ళు మూసింది. వాడు వేళ్ళ సందుల్లోంచి చూస్తున్నాడు.

"అయ్యో తల్లీ! ఎంత వయసు?"

"ఇరవై నాలుగండి."

"ఎప్పుడు పోయిందమ్మా?"

"పోలేదండి. విజయవాడలో ఉంది."

మామ్మ దీని గురించి కొంచెంసేపు ఆలోచించింది. "మరి తలకాయ?"

"దానికిప్పుడు అవసరం లేదు మామ్మా. పరీక్షలు అయిపోయాయి."

నేను చెప్పినవన్నీ నిజాలే. అందులో ఒక్క అబద్ధం ఉన్నా గట్టెక్కి ఉండేదాన్ని. వెనకాల ఎవరో "ఇవాళ అమావాస్యా?" అన్నారు. ఇంకెవరో "కాదు, దశమి" అన్నారు. అప్పుడు హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన ముందుకొచ్చి, తాను కానిస్టేబుల్‌నని చెప్పి, ఎక్కడికి తీసుకెళ్తున్నారమ్మా అని మర్యాదగానే అడిగారు. మలికిపురం అన్నాను. ఎందుకన్నారు.

"ఏడుగురం దీని మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలండి."

ఆ మాటతో నా చుట్టూ జాగా పెరిగింది. శనివారం నాలుగింటి పంటులో అంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు. కాళ్ళు బార్లా జాపుకుని కూర్చోవచ్చు.

కథలండీ, రాస్తామండీ, క్లబ్బండీ అని ఏదో చెప్పాను. క్లబ్బు పేరేమిటన్నారు కానిస్టేబుల్‌గారు. చెప్పానుగా, నాలుగు మీటింగులు. "ఇంకా పెట్టలేదండి" అన్నాను. ఆయన ముఖంలో అంతవరకు మిగిలిన కాస్త నమ్మకం కూడా గోదాట్లో కలిసింది. సెక్రటరీగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"సార్, నేను పంటు మీద ఉన్నాను. పుర్రె బయటపడింది. కానిస్టేబుల్‌గారు మీతో మాట్లాడతారట."

అవతల రెండు సెకన్లు ఏమీ లేదు. వెనకాల టీ కప్పుల చప్పుడు, మా క్లబ్బువాళ్ళ గొంతులూ స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"రాంగ్ నంబరండి" అన్నారు సెక్రటరీగారు.

ఈయన కథల్లో డిటెక్టివు గుండెకి రివాల్వరు ఆనించినా చిరునవ్వు నవ్వుతాడు. ప్రతి కథలోనూ నవ్వుతాడు. ఆ నవ్వు తగ్గించండి సార్ అని నేనే రెండుసార్లు చెప్పాను.

మామ్మకి ఈ గొడవంతా విసుగొచ్చినట్టుంది. తట్ట పక్కకి జరిపి, పుర్రెని రెండు చేతుల్లోకి తీసుకుని, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. నీళ్ళున్న కాయో ఎండిన కాయో చూసినట్టు, అచ్చం అలాగే. ఇంకోసారి కొట్టింది.

"ప్లాస్టిక్కు. బిందె మోత మోగతంది" అంది. తిరగేసి దవడ చూపించింది. "ఇదిగో, స్ప్రింగు. మనిషికి దేవుడు స్ప్రింగులెడతాడేటి?" తర్వాత పళ్ళ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "ముప్పై రెండూ ఉన్నాయి. ఇన్ని పళ్ళతో మా ఊళ్ళో ఎవరు పోయారు?"

మూడు ఆధారాలు, ఒక తీర్పు, అన్నీ అందరి కళ్ళ ముందే. దేవుడి పేరు ఎత్తింది గానీ సాక్ష్యానికి కాదు. మా ఏడుగురిలో ఎవరం ఇంత శుభ్రంగా ఒక్క కేసూ తేల్చలేదు. కానిస్టేబుల్‌గారు తానూ ఒకసారి తట్టి చూసి, నవ్వి, బండి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆటో కిందనుంచి ఒక కుర్రాడు చిప్ప తెచ్చిచ్చాడు. ఒక స్ప్రింగు దొరకలేదు.

రేవు దగ్గర దిగుతుంటే ఒకాయన వెంటపడ్డాడు. ఇల్లు కడుతున్నాడట, స్లాబు పడిందట, దిష్టికి గుమ్మడికాయ కట్టినా జనం కళ్ళు ఆగట్లేదట. "ఇది అమ్ముతారేటండి? మూడొందలిస్తాను." ఆటో ఎక్కేసరికి అయిదొందలకొచ్చాడు. ఇచ్చెయ్యాల్సింది.

మలికిపురం చేరేసరికి అయిదున్నర దాటింది. మేడ మీద ఆరుగురూ ప్రమాణాలు చేసేసి ఉన్నారు. కొబ్బరికాయ మీద. "పుర్రెకి రెండు కళ్ళే మేడమ్, దీనికి మూడు" అని సెక్రటరీగారు వివరించారు. ఫోన్ సంగతి ఎత్తితే, ఈమధ్య సిగ్నల్ సరిగ్గా ఉండటం లేదన్నారు. సరే, ఆ కాయ మీదే చెయ్యేస్తాను ఇవ్వండి అంటే, అప్పటికే పగలగొట్టి పచ్చడికని కిందికి పంపేశారట. ప్రమాణం చెయ్యని సభ్యురాలికి ఓటు ఉండదని మినిట్స్‌లో రాయించారు కూడా.

రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, విజయవాడ నుంచి ఫోన్. ఎవరో జూనియర్ కొనుక్కుంటానంటోందట.

"అత్తా, నా తలకాయ భద్రంగానే ఉందా?"

స్ప్రింగు సంగతి చెప్పలేదు.